వెనక వరస దాకా వెళ్ళని పళ్ళెం

మా మందిరంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే ఆయన చివరి భోజనం గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. ఆ బల్లకు రొట్టె నా భార్య చేస్తుంది. శనివారం సాయంత్రం గోధుమపిండిలో ఉప్పు కూడా వేయకుండా కలిపి, సన్నని మంట మీద పెనం పెట్టి, పొంగకుండా గుడ్డతో అదిమి కాలుస్తుంది. ఎండుద్రాక్షలు నానబెట్టి, మరిగించి, వడకట్టిన రసాన్ని సీసాలో పోసి మూత బిగిస్తుంది. ఆదివారం నేను ఆ రొట్టెను ముక్కలు చేసి స్టీలు పళ్ళెంలో పెడతాను. కొన్ని సంఘాల్లో లాగా మా దగ్గర జనం లేచి ముందుకు రారు. పళ్ళెమే వాళ్ళ దగ్గరికి వెళుతుంది. మగవాళ్ళ వైపు సంఘ పెద్ద, ఆడవాళ్ళ వైపు ఆయన భార్య దాన్ని ఒక్కో చాప మొదట్లో ఇస్తారు. చాప మీద వాళ్ళు, ఆడవాళ్ళయితే తల మీద కొంగు సర్దుకుని, ఒక ముక్క తీసుకుని, పళ్ళెం పక్క మనిషికి అందిస్తారు.

తలుపు పక్కన ఒక చివరి వరస ఉంది. పిల్లలు, ఇంకా బాప్తిస్మం తీసుకోనివాళ్ళు అక్కడ కూర్చుంటారు. సంఘం బల్లకు దూరం పెట్టిన వాళ్ళు కూడా అక్కడే కూర్చోవాలి. పళ్ళెం ఆ వరసకు ముందు ఆగి వెనక్కి తిరుగుతుంది. ఎవరినీ పేరు పెట్టి బయటికి పొమ్మనరు. ఆ అవసరం రాదు. కూర్చున్న చోటును బట్టే ఊరంతటికీ తెలిసిపోతుంది. తిరిగి ముందు వరసకు రావాలంటే ఒకటే దారి. ఒక ఆదివారం లేచి నిలబడి, అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలి.

రాజోలు వైపు ఈ సంఘానికి పాస్టరుగా వచ్చిన కొత్తలో ఆ చివరి చాప చూసి నేను నొచ్చుకున్నాను. దాన్ని తీసేయించాలనుకున్నాను. అనుకుంటూనే ఏళ్ళు గడిపాను.

ముందు వరసలో, కిటికీ పక్కన, ఒక పెద్దావిడ కూర్చునేది. జీవితమంతా కొబ్బరి దింపుల దగ్గర కాయలు పోగు చేసి, పీచు డొక్కలు ఏరి బతికిన మనిషి. చదువు రాదు. కీర్తనల్లో సగం మాటలు తప్పు పాడేది, గట్టిగా పాడేది. ఆమెకు ఒక్కతే కూతురు. ఆ కూతుర్ని పెళ్ళయిన కొత్తలోనే భర్త వదిలేసి ఇంకో ఊళ్ళో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి కువైట్ వెళ్ళి అరబ్బుల ఇంట్లో పని చేసి, నడుము దెబ్బ తిని తిరిగి వచ్చేసింది. వచ్చాక కొత్తపేట వైపు నుంచి వచ్చిన ఒక ఆటో డ్రైవరుతో కలిసి ఉండటం మొదలుపెట్టింది. పాత పెళ్ళి కోర్టులో తెగలేదు కాబట్టి కొత్త పెళ్ళి కుదరదు. అతను హిందువు. ఆదివారం పొద్దున్న తల్లీకూతుళ్ళను ఆటోలో దింపి, ఆరాధన అయ్యేదాకా మందిరం బయట కొబ్బరి నీడలో సీటు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చునేవాడు. ఒకసారి నేను లోపలికి రమ్మన్నాను.

"పర్లేదండి, ఇక్కడికే బాగా వినపడతందండి. మీ మైకు మా కొత్తపేట దాకా వినపడతాదండి," అని నవ్వాడు.

ఆ అమ్మాయి తల్లి పక్కన ముందు వరసలోనే కూర్చునేది. రెండు నెలలు పళ్ళెం ఆమె చేతికి వెళ్ళింది. మూడో నెల రాకముందే పెద్దలు కూర్చున్నారు.

మా సంఘ పెద్ద చెడ్డవాడు కాదు. ఇది చెప్పకపోతే నేను రాస్తున్నది అబద్ధం అవుతుంది. గోదావరి పొంగి లంక ఇళ్ళు మునిగినప్పుడు నాటు పడవ మీద ఇంటింటికీ బియ్యం మోసిన మనిషి ఆయన. ఏ మతం వాళ్ళో అడగలేదు. ఆయన కోపంగా మాట్లాడి ఉంటే నాకు ఎదురు చెప్పడం తేలికయ్యేది. ఆయన బతిమాలుతున్నట్టు మాట్లాడారు.

"మన పేటలో ఇంటికో ఆడపిల్ల గల్ఫులో ఉందండయ్యగారూ. నా కూతురూ మస్కట్‌లోనే ఉంది. ఇక్కడ దాని మొగుడు ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఒక్కడే ఉంటన్నాడు. రేపు అదొచ్చి, నేనూ ఇంకోడితో ఉంటాను, నాకూ బల్ల ఇవ్వండీ అంటే నేనేం చెప్పాలండీ? అయోగ్యంగా తిని తాగినోళ్ళు శిక్షకు తింటన్నారని బైబిల్లో పౌలే రాసేడు కదండీ. నేను రాసేనా?"

"వదిలేసి వెళ్ళింది ఆమె భర్త కదండీ," అన్నాను.

"ఆయ్, వాడిది తప్పేనండి. కానీ వాడు మన సంఘంలో లేడు కదా, మనం అడగడానికి."

ఆ అమ్మాయిని బల్లకు దూరం పెట్టాలన్న నిర్ణయం ఆయన చెప్పారు, ప్రసంగ వేదిక మీద నుంచి చదివింది నేను. 'సంఘ నిర్ణయం ఏమనగా' అని మొదలుపెట్టాను. నాది కాదన్నట్టు వినపడాలని కాబోలు, గొంతు కూడా మార్చి చదివాను. పేరు చదవలేదు. ఆ అమ్మాయి లేచి, చెంగు తల మీదకు లాక్కుని, చివరి చాప దగ్గరికి వెళ్ళి పిల్లల మధ్య కూర్చుంది.

పౌలు ఆ మాట ఎందుకు రాశాడో నాకు బాగా తెలుసు. నాకు తెలియదన్న సాకు లేదు. కొరింథులో విశ్వాసులు ఒక ఇంట్లో చేరి ప్రభువు బల్ల పేరుతో భోజనం చేసేవారు. కలిగినవాళ్ళు పెందలాడే వచ్చి తిని, తాగి, మత్తుగా ఉండేవారు. పొద్దంతా ఒకరి కింద పని చేసి ఆలస్యంగా వచ్చే పేదవాళ్ళకు ఏమీ మిగిలేది కాదు. పౌలు కోపం వాళ్ళ మీద. లేనివాళ్ళను సిగ్గుపరుస్తారా, ఒకరి కోసం ఒకరు ఆగలేరా అని అడుగుతాడు. అయోగ్యంగా తినడం అంటే అక్కడ పక్కవాడిని ఆకలితో వదిలి తినడం. అది మనిషిని బల్ల నుంచి తరమడానికి రాసిన మాట కాదు. తరిమినవాళ్ళను గద్దించడానికి రాసిన మాట. ఆ చివరి రాత్రి ప్రభువు తనను పట్టించబోయే వాడికి కూడా అదే పాత్రలో చేయి పెట్టనిచ్చాడు. వాడిని తలుపు దగ్గర కూర్చోమనలేదు.

ఇదంతా నేను బోధించాను కూడా. అమలాపురంలో పాస్టర్ల కూడికకు వెళ్ళినప్పుడు టీ కొట్టు దగ్గర ఇంకా గట్టిగా చెప్పాను. సంఘం తలుపులు మూసుకుని దేవుణ్ణే బయట పెట్టిందన్నాను. ఒక యువ పాస్టరు నా మాటలు ఫోనులో రికార్డు చేసుకున్నాడు. మా మందిరంలో ఒక ఆదివారం కొరింథు సంఘం గురించి నలభై నిమిషాలు చెప్పాను. మా పేట మాట ఎత్తలేదు, చివరి చాప వైపు చూడలేదు. ఆరాధన అయ్యాక సంఘ పెద్ద నా చేయి పట్టుకుని, "వాక్యం చాలా బాగా చెప్పేరండయ్యగారూ," అన్నారు. అప్పుడు నాకు సంతోషమే వేసింది. ఎవరికీ తగలకుండా చెప్పడంలో నేను అంత ఆరితేరాను.

నాకు నేను చెప్పుకున్న సమాధానం ఒకటుంది. నేను తెగించి మాట్లాడితే నన్ను మార్చేస్తారు, నా చోటికి ఇంకా కఠినమైనవాడు వస్తాడు, అప్పుడు ఆ అమ్మాయికి చివరి చాప కూడా ఉండదు అని. ఇందులో కొంత నిజం ఉంది. ఆ కొంత నిజం వెనక నేను మొత్తంగా దాక్కున్నాను. మందిరం పక్కన పాస్టరుకిచ్చిన ఇల్లు, వరండాలో నా భార్య పెంచుకున్న మల్లెపాదు, పొద్దున్న వీధిలో నడుస్తుంటే అందరూ చేతులు జోడించి అనే 'వందనాలయ్యగారూ' నాకు కావాలి. ఆమె రొట్టె కన్నా అవి నాకు ఎక్కువయ్యాయి.

ఆ తరవాత నెల మొదటి ఆదివారం పళ్ళెం ముందు వరసకు వెళ్ళింది. కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ దాన్ని రెండు చేతులా అందుకుంది. కాసేపు చూసింది. ముక్క తీసుకోకుండా పక్క మనిషికి ఇచ్చేసింది. మరచిపోయిందనుకుని పక్కామె మోచేత్తో పొడిచింది. ఈవిడ తల అడ్డంగా ఊపింది. రసం వచ్చినప్పుడూ అంతే. మరుసటి నెల కూడా అంతే. ఆ పై నెలా అంతే.

సంఘ పెద్ద భార్య మందిరం మెట్ల మీద ఆమెను ఆపడం నేను విన్నాను.

"ఏంటొదినా, రొట్టె వదిలేత్తన్నావు? నిన్నెవరేమన్నారు?"

"నన్నెవరూ ఏమన్లేదమ్మా."

"మరేంటి? కూతురు మీద కోపం దేవుడి మీద చూపిత్తన్నావా?"

"దేవుడి మీద నాకేం కోపం? పిల్ల ఎనకాల చూత్తా ఉంటే గొంతు దిగదమ్మా. ఇంట్లో అయినా దానికెట్టకుండా నేనెప్పుడు తిన్నాను?"

"ఇదేమన్నా ఇంట్లో తినే అన్నమా?"

"కాదా? మరి బల్లంటారేంటి?" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

సంఘంలో ఎదురుతిరగడం గురించి నేను ఎంతో చదివాను, మాట్లాడాను. మా మందిరంలో జరిగిన ఎదురుతిరుగుడు అదొక్కటే. అందులో నేను లేను. అక్కడే, పళ్ళెం పంపి, తిరిగొచ్చాక మిగిలిన ముక్కల మీద తెల్ల గుడ్డ కప్పుతూ నిలబడ్డాను.

పెద్దావిడకు జబ్బు చేసింది. కాకినాడ ఆసుపత్రిలో చూసి, కడుపులో గడ్డ ముదిరిపోయిందని, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ప్రార్థన చేయడానికి వెళితే మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతులు పుల్లల్లా అయిపోయాయి. కూతురు గంజి కలుపుతోంది.

"అయ్యగారండీ, ఒక్కటడుగుతానండి," అంది. "ఒక్క ఆదివారం, నా పిల్ల పక్కన కూర్చుని రొట్టె తీసుకుంటానండి. ఒక్కసారి. తరవాత మళ్ళీ దాన్ని ఎనక్కి పంపేసుకోండి."

"అమ్మా, ఊరుకో," అంది కూతురు. నా వైపు తిరిగి, "నేను నిలబడి ఒప్పుకుంటే ఇత్తారండీ. నాకు తెలుసండి. ఒప్పుకోవడానికి నాకు నోరు రావట్లేదండి. నడుం పడిపోయి నేనొత్తే ఎయిర్‌పోర్టుకి ఆటో ఏసుకుని వచ్చింది ఆయనొక్కడేనండి. ఆయన్ని పాపమని చెప్పమంటే ఎలా చెప్పనండి?" అంది.

"నేను చూస్తానమ్మా," అన్నాను.

సంఘ పెద్దని అడిగాను. అడిగానని చెప్పుకోవడానికి అడిగాను. "ఒక్క ముక్క ఒప్పుకోమనండి, నేనే ఆ అమ్మాయి చేయి పట్టుకుని ముందుకు తీసుకొత్తాను," అన్నారు ఆయన. కళ్ళనీళ్ళు పెట్టుకునే అన్నారు. నేను సరేనని వచ్చేశాను.

అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. ఇద్దరినీ మా ఇంటికి రమ్మని, నేనే అక్కడ రొట్టె విరిచి ఇస్తే? పెద్దలకు తెలియనక్కరలేదు. తల్లి కోరిక తీరుతుంది, కూతురు ఎవరి ముందూ తలవంచనక్కరలేదు. సంఘం చీలదు. ఇది ధైర్యమని నేను నిజంగానే నమ్మాను. సంఘం నియమాన్ని మీరుతున్నాననుకుని ఆ రాత్రి నాకు నిద్ర కూడా పట్టలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం, వీధి అంతా కునుకు తీసే వేళ రమ్మన్నాను. ముందు వీధిన కాకుండా, కాలువ గట్టున వచ్చి కొబ్బరి తోటలోంచి పెరటి వైపు రమ్మన్నాను. ఆటో గట్టు మీద ఆగింది. అతను పెద్దావిడను రెండు చేతుల మీద ఎత్తుకుని తోటలోంచి తీసుకొచ్చి, మా పెరటి వసారాలో దించి, గట్టు మీదకు వెళ్ళిపోయాడు. అక్కడ వసారా చివర అంట్లు తోముకునే చప్టా, దాని మీద తోమని గిన్నెలు ఉన్నాయి. లోపల ముందు గదిలో నా భార్య చాప పరిచి, వీధి తలుపు తీసి పెట్టింది. నేను వెళ్ళి ఆ తలుపు మూసి గడియ వేసి వచ్చాను. వసారాలోనే కానిచ్చేద్దామన్నాను, ఎవరైనా వస్తే ఇబ్బంది అని.

గొంతు తగ్గించి ప్రార్థన చేశాను. పళ్ళెం మీది గుడ్డ తీసి రొట్టె విరిచాను. వాళ్ళు వసారా మెట్టు మీద కూర్చున్నారు, నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. ఆ అమ్మాయి రెండు అరచేతులూ కలిపి దోసిలి పట్టింది. నేను వంగి ముక్క అందులో వేయబోయాను.

ఆ అమ్మాయి చేతులు విడదీసింది.

"అయ్యగారండీ, మీ నాయనమ్మ గురించి మందిరంలో చెబుతా ఉంటారు కదండీ," అంది.

నేను చెబుతాను. మా నాయనమ్మ కామందుల చేలో నాట్లు వేసేది. మధ్యాహ్నం వాళ్ళ పెరటి గుమ్మం దగ్గర దోసిలి పడితే పైనుంచి గంజి పోసేవాళ్ళు, చేయి తగలకుండా. తరవాత మిషను వాళ్ళ మందిరంలో అందరితో పాటు ఒకే చాప మీద కూర్చోబెట్టి, అందరూ తాగిన పాత్రే తన చేతికి ఇస్తే, తాగలేక ఏడ్చిందట. అందుకే మేం క్రైస్తవులమయ్యాం. ఆ కథ చెప్పినప్పుడల్లా ఆడవాళ్ళ వైపు కొంగులు కళ్ళ మీదకు వెళ్ళేవి.

"చెబుతానమ్మా," అన్నాను.

"మరిదేంటండీ?" అంది. గట్టిగా కూడా అనలేదు. తోమని గిన్నెల వైపు, నా చేతిలో ముక్క వైపు చూసింది. "ఎనక వరసలో కూర్చున్నా నేను మందిరంలోనే ఉన్నానండి. మీరు నన్ను పెరట్లోకి తెచ్చేరు."

పెద్దావిడ కూతురి ముఖం చూసింది, తరవాత నా ముఖం చూసింది. ఆమె కళ్ళలో కోపం లేదు. ఆశ పడి వచ్చిన మనిషి సర్దుకోవడం కనిపించింది. చెయ్యి చాపి నా చేతిలో పళ్ళెం మీద గుడ్డ కప్పేసింది.

"పోనివ్వండయ్యగారూ. అమ్మగార్ని కాసిని మంచినీళ్ళిమ్మనండి. ఎండగా ఉంది," అంది.

నా భార్య నీళ్ళిచ్చింది. ఆటో అతన్ని పిలిచారు. అతను మళ్ళీ ఎత్తుకుని తోటలోంచి తీసుకెళ్ళాడు. వాళ్ళు గట్టు ఎక్కేదాకా నేను గుమ్మంలో ఉన్నాను.

"నేను తలుపు తీసే ఉంచేను. మీరే వేసేరు," అంది నా భార్య. ఆ రొట్టెను ఏం చేసిందో నేను అడగలేదు.

పెద్దావిడ మరుసటి మొదటి ఆదివారం దాకా ఉండలేదు. బల్ల తీసుకోని మనిషికి సంఘం తరఫున సమాధి చేయవచ్చా అని పెద్దల్లో ఒకరు అడిగారు. సంఘ పెద్ద ఆయన్ని కసిరి, సమాధుల దొడ్డిలో గొయ్యి తానే దగ్గరుండి తవ్వించారు. నేను నిలబడి పునరుత్థానం గురించి చదివాను. మట్టి వేసేటప్పుడు కూతురు వేసింది, ఆటో అతను వేశాడు. నా వైపు ఎవరూ చూడలేదు.

ఆ తరవాత వచ్చిన మొదటి ఆదివారం నేను కొరింథు సంఘం గురించే చెప్పాను. ఈసారి చివరి చాప వైపు వేలు చూపించి చెప్పాను. మా పెరట్లో నేను చేసింది చెప్పాను. ఈ మందిరంలో ఆకలితో వచ్చిన మనిషిని వదిలి తిన్నవాళ్ళలో మొదటివాణ్ణి నేనన్నాను. పళ్ళేన్ని నేనే పట్టుకుని చివరి వరస దాకా వెళ్ళాను. అక్కడ ముగ్గురు పిల్లలు, బాప్తిస్మం తీసుకోని ఒక కొత్త కోడలు ఉన్నారు. వాళ్ళు బెదిరిపోయి నా ముఖం చూశారు తప్ప చేయి చాపలేదు. ఆ అమ్మాయి రాలేదు. నేను కూడా ముక్క తీసుకోలేదు.

"అయ్యగారూ, మీరు తీసుకోలేదు," అన్నారు సంఘ పెద్ద, పాత్రలు సర్దుతుండగా.

"లేదండీ. ఆ అమ్మాయి ముందు వరసకు వచ్చేదాకా తీసుకోను."

"పాస్టరే తీసుకోకపోతే మందిరం ఎలా నడుత్తాదండీ?" అన్నారు. ఆయన గొంతులో బెదిరింపు లేదు, భయం ఉంది. నాకు తెలుసు, మందిరం నడవదు. పై పెద్దలకు కబురు వెళ్ళింది. నన్ను పిలిచారు. ఈ ఇంట్లో ఇంకెన్నాళ్ళుంటామో తెలియదు. నా భార్య మల్లెపాదుకు అంటు కట్టి ఒక డబ్బాలో నాటింది.

ఈ మాట ఆ అమ్మాయికి చెప్పాలని మొన్న పొద్దున్న వాళ్ళింటికి వెళ్ళాను. కాలువ గట్టున కాదు, వీధి వెంట నడిచి వెళ్ళాను. ఆమె పనికి వెళ్ళడానికి తయారై ఉంది. దిండిలో ఒక రిసార్టులో గదులు శుభ్రం చేసే పని దొరికిందట. గుమ్మంలో నిలబడి అంతా చెప్పాను. నా గొంతులో చిన్న గర్వం ఉందేమో, అది ఆమెకు వినపడిందేమో, నాకు ఇప్పటికీ అనుమానమే.

"మా అమ్మ ఉన్నప్పుడు చెయ్యాల్సిందండీ," అంది.

"అవునమ్మా."

"ఇప్పుడు నేనొచ్చి ఎవరి పక్కన కూర్చోనండీ?"

ఆమె లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. గుమ్మం లోపల వేయలేదు. వీధిలోకి, ఎండ పడే చోట, వచ్చేపోయేవాళ్ళకి కనపడేలా వేసింది.

"కూర్చోండయ్యగారూ," అంది.

కూర్చున్నాను. ఆటో వచ్చి ఆగింది. అతను నాకు నమస్కారం పెట్టాడు. ఆమె తలుపు తాళం వేసి, సంచి భుజానికి తగిలించుకుని ఆటో ఎక్కింది.

"ఎల్లేటప్పుడు కుర్చీ ఆ అరుగు మీద పెట్టేయండి," అంది.

ఆటో వెళ్ళిపోయింది. పాలు పోయించుకుని వస్తున్న ఒకామె నన్ను చూసి, తాళం వేసిన తలుపు చూసి, ఆగింది. వందనాలు చెప్పాలో వద్దో తేల్చుకోలేక, చెంబు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని వెళ్ళిపోయింది. నేను ఇంకాసేపు అక్కడే కూర్చున్నాను.